గోడలో గొడుగామె

ఆ మధ్యాహ్నం మా లోపలి గది గోడలో కన్ను తెరుచుకుంది. ఇంతకంటే వేరే రకంగా చెప్పడం నాకు చేతకాదు.

బయట వాన. డిగ్రీ చివరి ఏడాది పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాను. చేవెళ్ళ గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న నవల ఒళ్ళో పెట్టుకుని, మంచం మీద గోడకు వీపు ఆనించి కూర్చున్నాను. పెంకుల సందులోంచి నీళ్ళు కారి భుజం తడిసింది. పక్కకు జరిగి వెనక్కి తిరిగేసరికి అరచేతి వెడల్పు సున్నం పెళ్ళ ఊడి మంచం మీద పడింది. దాని కింద తడిసిన కాగితం. ఆ కాగితంలోంచి, గోడ లోపలి వైపు నుంచి, అన్నం పళ్ళెమంత కన్ను నన్ను చూస్తోంది.

నేను అరవలేదు. నాకు అరవడం రాదు. తరగతిలో నా పేరు పిలిచినప్పుడే గొంతు పెగిలేది కాదు. పుస్తకం మాత్రం జారి నేల మీద పడింది. కన్ను రెప్ప వేయలేదు. నల్లగుడ్డులో చిన్న తెల్లటి మెరుపు, చుట్టూ బూడిదరంగు నీడ. నీళ్ళు ఇంకాస్త కిందికి పాకిన కొద్దీ ముక్కు మొదలు తేలింది, తర్వాత చెంప కొంచెం. ఎవరో గోడకు అవతలి నుంచి ముఖం ఆనించి మెల్లగా ఇవతలికి వస్తున్నట్టే ఉంది.

కారే నీళ్ళ కింద పెట్టడానికి అమ్మ గిన్నె పట్టుకుని వచ్చింది. చూసింది. గిన్నె చేతిలోంచి పోయింది. గడప అవతలికి వెనక్కి నడిచి, పాము దగ్గర కూర్చున్న పిల్లను పిలిచినట్టు, చప్పుడు చేయకుండా ఇటు రమ్మని నాకు సైగ చేసింది. గిన్నె చప్పుడుకు బాపు వచ్చాడు. ఆయన ధైర్యంగానే దగ్గరికి వెళ్ళి కంటిని వేలితో తాకాడు. కాగితమే. అయినా వేలు టక్కున వెనక్కి తీసుకుని లుంగీకి తుడుచుకున్నాడు. బాపు పుట్టింది ఆ గదిలో. నేను పుట్టాక పడుకున్నదీ ఆ గదిలోనే. అమ్మ కాపురానికి వచ్చినప్పటి నుంచి ఏటా ఆ గోడకు సున్నం కొట్టేది. నా డైరీలన్నీ ఆ గోడకు వీపు ఆనించి రాసుకున్నవే. ఆనుకుంటే గోడ కొంచెం లోపలికి పోయి కరకరమనేది. మట్టిగోడ కాబట్టి అంతేననుకునేదాన్ని.

ఎల్లుండి ఆ గది కూలగొట్టాలి. మొయినాబాద్ చుట్టూ అప్పటికి ఇంజనీరింగ్ కాలేజీలు వచ్చేశాయి, చేవెళ్ళ రోడ్డు పొడవునా పొలాలు ప్లాట్లు అయిపోతున్నాయి, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పనిచేసేవాళ్ళు ఆదివారాలు వచ్చి తోటలు చూసుకుని పోతున్నారు. అందరూ అమ్ముతున్నా బాపు ఒక్క గుంట భూమి కూడా అమ్మలేదు. పాత మట్టిగది తీసేసి, స్లాబు వేసి రెండు గదులు కట్టి ఒకటి కాలేజీ పిల్లలకు కిరాయికిస్తే చాలని ఆయన లెక్క. కాలేజీలు తెరిచే లోపల కావాలి. మేస్త్రితో మాట అయిపోయింది. వాన ముందుగా రావడమే ఆయన ఊహించనిది.

నాయనమ్మ నడిమి గదిలో చాటలో బియ్యం ఏరుతోంది. మోకాళ్ళ నొప్పి వల్ల లేవలేదు. ముగ్గురం అక్కడికి వెళ్ళాం. అమ్మ, "అత్తమ్మా, గోడల కన్ను ఉన్నది" అంది.

నాయనమ్మ ఒక రాయి ఏరి పక్కన పడేసింది.

"ఆడామెదా, మొగాయనదా?"

గుమ్మంలో కూరగాయలమ్మే మనిషి వచ్చిందంటే ఎవరని అడిగినట్టు అడిగింది. కన్ను కనబడ్డప్పటి కంటే ఈ ప్రశ్న విన్నాకే నాకు ఎక్కువ భయమేసింది. అమ్మ బాపు వైపు చూసింది. బాపు నా వైపు చూశాడు. కాటుక ఉందని గుర్తొచ్చి, ఆడామెదేనని నేను చెప్పాను.

"అయితే గొడుగామెనే" అంది నాయనమ్మ. "నవ్వుకుంట ఉంటది సూడు."

బాపు చాట పక్కనే నేల మీద కూలబడి, నలభై ఏళ్ళుగా తను తిని పడుకుని లేచిన ఇంట్లో గోడల వెనక మనుషులున్నారని ఒక్క మాటైనా ఎందుకు చెప్పలేదని అడిగాడు. నువ్వు అడగలేదు కదా అంది ఆవిడ.

ఆ తర్వాత బియ్యం ఏరుతూనే చెప్పింది. ఆ రోజుల్లో మట్టిగోడలు ఎప్పుడూ రాలుతుండేవి. ఎంత అలికినా పక్కబట్టల మీద మన్ను పడేది. పట్టి ఉంచడానికి కాగితం కావాలి. ఊళ్ళోకి పత్రికలు వచ్చేవి కావు. సినిమా పోస్టరు కాగితం వెడల్పుది, గట్టిది. అందుకని మా వైపు చాలా ఇళ్ళల్లో పాత పోస్టర్లు గోడలకు అంటించేవాళ్ళు, కాని బొమ్మను గోడ వైపుకు తిప్పి. పడుకునే చోట, దేవుడి పటాలున్న చోట సినిమా ఆడవాళ్ళ ముఖాలేమిటని పెద్దవాళ్ళు ఒప్పుకునేవాళ్ళు కాదు. మా తాత అసలే ఒప్పుకోలేదు. కాగితం తెల్లటి వీపు మాత్రమే గదిలోకి కనబడేది. దాని మీద సున్నం, మరుసటేడు మళ్ళీ సున్నం. కొన్నాళ్ళకు అది గోడే అయిపోయేది.

నాయనమ్మ తమ్ముడు చేవెళ్ళలో వేసిన డేరా టాకీసులో పోస్టర్లు అంటించేవాడట. మైదాపిండి ఉడికించిన జిగురును మా దగ్గర లై అంటారు. సైకిలుకు లై బకెట్టు తగిలించుకుని ఆలూరు, షాబాద్, ఇటు మొయినాబాద్ దాకా తిరిగేవాడు. సినిమా మారినప్పుడు మిగిలిన కాగితాలు అక్కకు ఇచ్చి పోయేవాడు. రంగులవి పట్నంలో అంటించేవాళ్ళనీ, డేరాలకు వచ్చేవి ఒక్క నల్లసిరాతో అచ్చేసినవేననీ ఆయన చెప్పేవాడట. నాయనమ్మ అందులో ఒక్క సినిమా కూడా చూడలేదు. తాత డేరాకు పోనివ్వలేదు. ఆమె చూసింది ఈ కాగితాలనే, అదీ గోడకు తిప్పి అంటించే ముందు కొద్దిసేపు.

"బొమ్మ మీద లై పెట్టలే నేను" అంది. "అంచులకే పెట్టిన. ఎప్పుడన్న తియ్యొస్తదని."

అంటే గోడ కరకరమన్నది అందుకు. నేను అన్నేళ్ళు వీపు ఆనించింది మట్టికి కాదు.

బాపు లేచి నిలబడ్డాడు. ఎల్లుండి కూలగొట్టే గోడను ఈ వానలో గోకడం దేనికని ఆయన వాదన. పైన పెంకులు జారి ఎవరి నెత్తినైనా పడతాయని భయం కూడా ఉంది. నాయనమ్మ చాట పక్కన పెట్టింది.

"కూలగొట్టు. నేను వద్దన్ననా? గొడుగామెను ఒక్కసారి సూస్త. సూసినంక ఏమన్న చేసుకో."

ఆవిడ ఏదైనా కావాలని అడగడం నేను వినడం అదే మొదటిసారి. కొత్త చీర తెస్తే ఎందుకు తెచ్చారనేది. పండు ఇస్తే సగం నాకు పెట్టేది. బాపుకు కూడా అది తగిలినట్టుంది. పెరట్లోకి వెళ్ళి ఎత్తుపీట తెచ్చాడు.

కాని వాన ఆగడం లేదు. ఏ నీళ్ళు ఆమెను చూపించాయో ఆ నీళ్ళే ఆమెను చింపేసేలా ఉన్నాయి. మేం మళ్ళీ గదిలోకి వెళ్ళేసరికి కంటి పైన కాగితం ఉబ్బి కిందికి వేలాడుతోంది. ఇంకో గంట ఆగితే దాని బరువుకు అదే చినిగి నేల మీద ముద్దగా పడుతుంది. బాపు పీట మీద నిలబడి పైన గోనెసంచి కుక్కి నీళ్ళు పక్కకు మళ్ళించాడు. అమ్మ పాత చీర పరిచి రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. బ్లేడు నా చేతికి ఇచ్చారు.

"సన్నటి వేళ్ళు. పేజీలు తిప్పి తిప్పి అలవాటైనయ్" అంది అమ్మ. "నీ సదువు ఇయ్యాల పనికొచ్చింది బిడ్డా."

నాయనమ్మ గడప దాకా వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. అక్కడి నుంచే అంచులు ఎక్కడున్నాయో చెప్పింది. పెట్టె వెనక మూల నుంచి బారెడు, అక్కడ ఒక అంచు. గూటి కింద ఇంకొకటి. నేను సున్నం మీద గోటితో కొట్టి చూస్తే ఆమె చెప్పిన చోటే చప్పుడు మారేది.

గొడుగామె అంచు మీదికి పక్క కాగితం ఎక్కి ఉంది, ముందు దాన్ని తీయాల్సి వచ్చింది. అంచు వెంట బ్లేడు దించి, పై మూలలు పట్టుకుని తిప్పాను. టోపీ పెట్టుకున్న ఒక మగమనిషి బయటికి వచ్చాడు. ముఖంలో సగమే ఉంది. మిగతా సగం చీకట్లో కలిసిపోయింది. చెవి లేదు, ఆ వైపు భుజం లేదు, టోపీ అంచు ఎక్కడ ఆగి చీకటి ఎక్కడ మొదలైందో తెలియదు. అయినా ఆ లేని సగం నాకు కనిపిస్తూనే ఉంది. నేను మంచం మీద అలాగే నిలబడిపోయాను. అమ్మ రెండుసార్లు పిలిచిందట.

నాకు తెలిసిన పోస్టర్లు అలాంటివి కావు. రోజూ బస్సులో చేవెళ్ళ వెళ్తుంటే రోడ్డు పక్కన ఫ్లెక్సీలు కనిపించేవి. ఇంకా కట్టని ఇళ్ళ ముందు నిలబడి నవ్వుతున్న జంటలు, పచ్చగడ్డి, నీలాకాశం, గులాబీ రంగు చొక్కా వేసుకున్న పిల్లవాడు. కన్ను ముందు చొక్కా మీదికి పోతుంది, తర్వాత గడ్డి మీదికి, ఆ లోపల బస్సు దాటిపోతుంది. ఎవరి ముఖమూ గుర్తుండదు. ఇక్కడ కన్ను పోవడానికి వేరే దారి లేదు. నల్లటిది, తెల్లటిది, మధ్యలో బూడిద. తిరిగి తిరిగి మనిషి ముఖం దగ్గరికే రావాలి. తర్వాత వచ్చిన కాగితంలో ఒక స్త్రీ జడ రాత్రిలోకి కలిసిపోయి, మెడ ఒక్కటే వెలుగులో ఉంది. ఇంకొక దాంట్లో ఇద్దరు ఎదురెదురుగా ఉన్నారు. వాళ్ళ మధ్యన ఉన్న ఖాళీ కాగితమే దీపంలా వెలుగుతోంది. వీళ్ళందరూ నేను నిద్రపోతుంటే నా వెనక ఉన్నారు. ఆ ఆలోచనకు ఒళ్ళు జలదరించింది. భయం వల్లో సంతోషం వల్లో చెప్పలేను.

చివరికి గొడుగామె. ఆమె రెండు కాగితాల మీద ఉంది. పెద్ద పోస్టర్లు ముక్కలుగా అచ్చేసి గోడ మీద కలిపేవాళ్ళట. పై కాగితంలో గొడుగు, కింది కాగితంలో ముఖం. నాయనమ్మ వాటిని వెనక్కి తిప్పి అంటించినా సరైన వరసలోనే, అంచుకు అంచు ఆనించి అంటించింది. ఎవరూ చూడని వైపు కూడా బొమ్మ తెగకుండా కలిపింది. అది చూసి బాపు పీట మీద నుంచి దిగి, తల్లి వైపు ఒకసారి చూశాడు.

తీసేటప్పుడు పై కాగితం ఒక మూల చినిగింది. ముఖం ఉన్నది మాత్రం క్షేమంగా వచ్చింది. పట్టుకుంటే తడిబట్టలా బరువుగా ఉంది. రెంటినీ చీర మీద మోసుకెళ్ళి నడిమి గదిలో నేల మీద పరిచాం. గొడుగు పైన, ముఖం కింద. నాయనమ్మ అద్దాలు తుడిచి పెట్టుకుని, గోడ పట్టుకుంటూ వచ్చి కూర్చుంది.

"సీర చిలకపచ్చది" అంది ముందుగా, మాకు పరిచయం చేస్తున్నట్టు.

నలుపు తెలుపుల్లో ఉంటే రంగు ఎలా తెలిసిందని అమ్మ నవ్వింది. నాయనమ్మ బొమ్మ మీదికి వంగింది. ఆమె చూస్తోంది. నేనూ చూస్తున్నాను. ముఖం కొంచెం పైకెత్తి ఉంది. పెదవులు విడివడి పళ్ళ అంచు కనిపిస్తోంది. చెంపల మీద చుక్కలు, మూడో నాలుగో. గొడుగు కాడ పట్టుకున్న వేళ్ళు గట్టిగా బిగిసి ఉన్నాయి.

"ఏడుస్తున్నది గదా అత్తమ్మా" అంది అమ్మ.

"ఏడ్సుడు గాదు. వాన సుక్కలవి. వానల నిలవడి నవ్వుతుంది."

అంటూనే నాయనమ్మ కింది కాగితంలోని గొడుగు కాడ మీద వేలు పెట్టింది. వేలు మెల్లగా పైకి జరిపి, రెండు కాగితాలు కలిసే చోట దాటించి, గొడుగు దాకా తీసుకెళ్ళింది. గొడుగు మీద వాన తెల్లటి ఏటవాలు గీతల్లా పడుతోంది. గీతలన్నీ గొడుగు అంచు దగ్గర ఆగిపోయాయి. కింద ఒక్క గీత లేదు. ఆమె వేలు అక్కడే ఉండిపోయింది.

"గొడుగు కింద ఉన్నామె మొఖం మీద వాన ఎట్ల వడ్తది?"

ఎవరినీ అడగలేదు. అప్పుడు నాకు అర్థమైంది. ఈ రెండు కాగితాలు కలిపి ఎదురుగా చూడడం ఆవిడకు ఇదే మొదటిసారి. అంటించిన రోజు తాత పొలం నుంచి వచ్చే లోపల పని కావాలని ఒకదాని తర్వాత ఒకటి తీసి, అంచులకు లై పూసి, గోడకు తిప్పేసింది. ముఖాన్ని విడిగా చూసింది, గొడుగును విడిగా చూసింది. కలిసిన బొమ్మను గోడ మాత్రమే చూసింది.

నాయనమ్మ అద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడ ముఖం అలా ఖాళీ కావడం నేనెప్పుడూ చూడలేదు. బంధువుల్లో ఎవరో పోయారని కబురొచ్చినప్పుడు కూడా ముందు వచ్చినవాళ్ళకు మంచినీళ్ళిమ్మని చెప్పే మనిషి. కాగితం మీద నుంచి చూపు తిప్పకుండానే మాట్లాడింది.

"పెండ్లయి వచ్చిన కొత్తల ఆ అర్రల కూసోని ఏడ్సినప్పుడల్ల, నా యెనుక ఒకామె నవ్వుతనే ఉన్నది, నాకేమైందని ఊకున్న. గిన్నేండ్లు." కాగితం అంచు సర్దింది. "అయితే ఇద్దరం ఏడ్సినమన్నట్టు."

బాపు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. చేతులకు, మీసానికి సున్నం. తల్లి ఏడవగా ఆయన ఎన్నడూ చూడలేదు. ఏడ్చేదని కూడా ఆయనకు తెలియదు. ఆ గదిలో, అదే మంచం మీద, ఆ రోజుల్లో ఆమె పక్కన పడుకున్న పసిపిల్లవాడు ఆయనే అయి ఉంటాడు.

"ఎందుకేడ్సినవ్ అవ్వా?" అన్నాడు తల్లితో.

"గిప్పుడెందుకు తియ్."

ఆ పైన ఎవరు ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. నేను ఒంటరిగా ఉన్నప్పుడు అడిగినా చెప్పలేదు. తాత గురించి ఇంట్లో అందరూ గౌరవంగానే మాట్లాడుకునేవాళ్ళు. ఆ రోజు నుంచి నడిమి గదిలో ఉన్న ఆయన ఫొటో వైపు చూసినప్పుడల్లా నాకు ఏదో అడగాలనిపిస్తుంది.

నాయనమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుని గొడుగామె చెంప మీది సున్నం దుమ్ము తుడిచింది. దుమ్ము పోయింది. తర్వాత చుక్క మీద రుద్దింది. అది పోలేదు. నేను వంగి చూశాను. ఆ చుక్కలో సిరా లేదు. చుట్టూ బూడిదరంగు అచ్చేసి, అక్కడ మాత్రం కాగితాన్ని వదిలేశారు. తుడవడానికి అక్కడ ఏమీ లేదు. ఎంత రుద్దినా ఇంకా తెల్లగా అవుతుందంతే. నాయనమ్మ చెయ్యి పట్టుకుని ఆపాను. తడికాగితం, చినిగిపోతుందన్నాను.

సాయంత్రానికి వాన తగ్గింది. కాగితాలు రెండూ నీడలో ఆరాయి. మిగతావాటిలో టోపీ మనిషి, మెడ మీద వెలుగున్నామె నాకు దక్కారు. తక్కినవి తీస్తుంటేనే ముక్కలయ్యాయి. మేస్త్రి చెప్పిన రోజుకు వచ్చాడు. గోడ కూలింది. బాపు ఆ వారమంతా తల్లి దగ్గర అదో రకంగా మెసిలాడు. అన్నం తిన్నావా అని అడగడానికి కూడా దగ్గరికి వచ్చి నిలబడేవాడు.

కొత్త గదులు లేచి సిమెంటు ఆరిన రోజున బాపు గొడుగామెను చుట్టగా చుట్టి పట్టుకుని వచ్చాడు. రెండింట్లో ఒకటి నాయనమ్మదేనని అప్పటికే తేల్చేశాడు. ఇంజనీరింగ్ పిల్లలకు ఒక్కటే చాలన్నాడు.

"ఈసారి మొఖం బయటికి పెడుదమా అవ్వా? ఇప్పుడు అనేటోళ్ళు ఎవరు లేరు."

పట్నంలో అద్దం బిగించి ఇస్తారని కూడా చెప్పాడు. నేను లోలోపల అదే కోరుకున్నాను. రోజూ చూసుకోవచ్చు. నాయనమ్మ కొత్త గోడను చేత్తో తడిమింది. చల్లగా, నున్నగా ఉంది. మన్ను రాలదు. కాగితం అక్కర్లేని గోడ.

"వద్దు కొడుకా" అంది. "ఏడ్సేటామెను నలుగురి ముందల నిలవెడ్తరా?"

లై నేను కాచాను. ముఖం గోడ వైపుకు తిప్పి, రెండు కాగితాలూ అంచుకు అంచు ఆనించి, నాయనమ్మ మంచం పక్కన అంటించాం. అంచులకు మాత్రమే పూశానా లేదా అని నాయనమ్మ వేలితో తడిమి చూసుకుంది. రంగు వేసే మనిషి వచ్చి, కొత్త గోడకు ఈ కాగితమేంటి, గీకేస్తానని ఇనుప రేకు తీశాడు.

"అది ఉండని" అన్నాడు బాపు. "దాని మీదనే ఎయ్యి. జర నిమ్మలంగ."